నొప్పులు లేవు, రక్తం లేదు

దుప్పటి మడతపెట్టడానికి ఇద్దరు కావాలి. చెరో రెండు కొసలూ పట్టుకుని వెనక్కి జరిగి, బిగలాగి ఒక్క విదిలింపు విదిలించి, మళ్ళీ ఎదురెదురుగా నడిచి వచ్చి, ఒకరి చేతిలో కొసలు ఇంకొకరి చేతిలో పెట్టాలి. ఆ పెద్ద లాండ్రీలో ఈ పనికి పేరుపడ్డ జంట వాగుడుకాయ, నిదానం. వాగుడుకాయకి నోరూ చేతులూ ఒకే వేగంతో ఆడేవి. రెండోదాన్ని నిదానం అనేవాళ్ళు. పనిలో నిదానమై కాదు, మాటలో నిదానమై. పది మాటలకి ఒక మాట, అదీ నవ్వుతో సరిపెట్టేది. ఇప్పుడామెకి ఎనిమిదో నెల.

సోమవారం పొద్దున ఆమె నడిచొచ్చి, కొసల్ని వాగుడుకాయ చేతిలో కాకుండా పక్కన గాలిలో పెట్టి వదిలేసింది. దుప్పటి జారి నేల మీద పడింది.

"ఏమే, నా చెయ్యి ఇక్కడుంటే నువ్వు ఎవరికిస్తున్నావ్?"

"కనబడలేదక్కా. ఆవిరి."

ఆ గదిలో దేనికైనా ఆవిరే కారణం. జుట్టు ఊడితే ఆవిరి, దగ్గొస్తే ఆవిరి, ఇంట్లో మొగుడితో గొడవైనా ఆవిరి తలకెక్కిందనేవాళ్ళు. కాబట్టి వాగుడుకాయ కూడా దుప్పటి దులిపి, తన కబుర్లలో తను పడిపోయింది. నిదానం మళ్ళీ కొసలు అందుకుంది. అవతలి మనిషికి నాలుగు చేతులున్నట్టు కనబడుతోంది. రెప్పలు గట్టిగా మూసి తెరిస్తే రెండు చేతులయ్యాయి. అప్పుడు ఇచ్చింది.

కనుబొమల పైన మొదలైన తలనొప్పి మొన్నటి నుంచీ వదలడం లేదు. వేళ్ళు ఉబ్బిపోతే ఉంగరాన్ని సబ్బు రాసి తీయాల్సొచ్చింది. తన చెప్పుల్లో పాదాలు పట్టక మొగుడి చెప్పులు వేసుకుని వచ్చింది.

"బాగుంది సంబరం, మొగుడి అడుగుజాడల్లో నడుస్తున్నావన్నమాట" అని వాగుడుకాయ నవ్వించింది కానీ, భోజనం వేళకి తనే సూపర్‌వైజర్ దగ్గరకు పోయి పోట్లాడింది. "ఆ పిల్లని ఒకసారి ఆస్పత్రికి పోనివ్వండి సార్. మొహం చూడండి, పొంగిన పాలలా ఎలా ఉందో."

"గురువారం ఆమెకి సెలవుంది కదమ్మా. ఇవాళ ముగ్గురు రాలేదు. నేను మడతపెట్టనా దుప్పట్లు?" అన్నాడాయన. చెడ్డవాడు కాదు. పైనుంచి ఫోన్ వస్తే చెమటలు పట్టే మనిషి. చివరికి, "సరే, రెండింటికి వెళ్ళమను. రోజూ అడిగితే మాత్రం నా వల్ల కాదు" అన్నాడు.

ఆస్పత్రిలో గర్భిణుల వరండా నిండా బెంచీలు, బెంచీల నిండా మనుషులు. తలుపు దగ్గర చిన్న బల్ల, దాని వెనక నర్సు. ఆ బల్ల దాటితేనే డాక్టరు. నర్సు గొంతు బొంగురుపోయి ఉంది. పొద్దుటి నుంచి అవే రెండు ప్రశ్నలు అడిగీ అడిగీ, వాటిని ప్రశ్నల్లా పలకడం కూడా మానేసింది.

"నొప్పులా."

"లేవండి."

"రక్తం పోతోందా."

"లేదండి. తలనొప్పి... మూడు రోజులుగా..."

"తలనొప్పి నాకూ ఉందమ్మా."

"కాళ్ళు వాచాయండి."

"ఎనిమిదో నెలలో వాచక ఏం చేస్తాయి? కాళ్ళ కింద దిండు పెట్టుకుని పడుకో. నీ వంతు వచ్చే సోమవారం కదా, అప్పుడు రా. లోపల ఒక్కరే డాక్టరు. నొప్పుల వాళ్ళనే చూడలేక చస్తున్నారు."

ఇంకో మాట నోటి దాకా వచ్చింది. కళ్ళ గురించి. ఈలోగా వెనకనుంచి ఒకామె అరుచుకుంటూ వచ్చి బల్ల మీద వాలిపోయింది. తలుపు తెరుచుకుంది, ఆమెని లోపలికి లాక్కుంది, మూసుకుంది. నిదానం పక్కకి తప్పుకుంది. దారి ఇవ్వడం ఆమెకి ఎవరూ నేర్పక్కర్లేదు.

మెట్లు దిగుతుంటే కొంచెం ధైర్యంగానే అనిపించింది. అంత చదువుకున్న మనిషి చూసి ఏమీ లేదంది కదా. బస్సులో కూర్చున్నాక గుర్తొచ్చింది, ఆ మనిషి తలెత్తి తనని చూడనేలేదని.

ఇంటికొచ్చేసరికి అత్తగారు కిటికీ పక్కన కూర్చుని చొక్కాలకి గుండీలు కుడుతోంది. రెడీమేడ్ దుకాణం వాళ్ళు మూటలు పంపుతారు. ఆవిడ కుట్టి పంపుతుంది. సంచిలో ఒక్క గుండీ ఎక్కువొచ్చినా పొట్లం కట్టి తిరిగి పంపే మనిషి. ఆవిడ నోట అబద్ధం విన్నవాళ్ళు ఆ వీధిలో లేరు. నిజం వినలేక నొచ్చుకున్నవాళ్ళే ఉన్నారు. దగ్గరి చూపు ఆనదు కాబట్టి రోజూ పొద్దున్నే కోడలు పది సూదులకి దారం ఎక్కించి దిండుకి గుచ్చి వెళ్ళేది.

"ఏమన్నారు?"

"ఏం లేదన్నారత్తయ్యా. పడుకోమన్నారు."

"నే చెప్పలా? నలుగుర్ని కన్నాను. నాలుగోవాడప్పుడు నా కాళ్ళు స్తంభాలే. ఊరికే భయపడకూడదు, భయం బిడ్డకి పాకుతుంది." అని దారం పంటితో కొరికింది. "ఆ తలకి తడిగుడ్డ వేసుకుని పడుకో."

మొగుడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్. సాయంత్రం గ్రీజు చేతులతో వచ్చి, ఆమె పాదాల్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఏంటమ్మా ఇది?" అని తల్లినే అడిగాడు.

"నీళ్ళురా. కానుపైతే అవే పోతాయి."

"అంతేనా?" అని పెళ్ళాం వంక చూశాడు.

"అంతేనంటున్నారు" అందామె. తడిగుడ్డ కింద కళ్ళు మూసుకుంటే చీకట్లో చుక్కలు మిణుకుమంటున్నాయి. ఎవరితో చెప్పాలి? అడిగినవాళ్ళంతా నొప్పులా అనో, రక్తమా అనో అడిగారు. చుక్కల గురించి ఎవరూ అడగలేదు. అడగనిది చెబితే లేనిపోని గొడవ చేస్తున్నానంటారేమో.

మంగళవారం పొద్దున ఆమెను ఇస్త్రీ బల్ల దగ్గర కూర్చోబెట్టారు. నిలబడక్కర్లేదు కదా అని సూపర్‌వైజర్ చేసిన మేలు అది. హోటల్ దిండు గలేబులు. పరచాలి, నీళ్ళు చిలకరించాలి, అంచు నుంచి మధ్యకి తోయాలి, తిప్పాలి. చేతులకి అలవాటైన పని, కళ్ళతో అవసరం లేదు. కాసేపటికి కుడివైపు పక్కటెముకల కింద ఎవరో పిడికిలి పెట్టి నొక్కుతున్నట్టు మొదలైంది. బిడ్డ కాలు పెట్టిందేమోననుకుంది. చెయ్యి వేసి చూసింది. అక్కడ బిడ్డ లేదు. బిడ్డ కింద ఎడమవైపు ఉంది, పొద్దుటి నుంచి ఒకటి రెండుసార్లు మాత్రం కదిలింది.

తెల్లటి గుడ్డ మీద మిణుగురులు ఎగరడం మొదలుపెట్టాయి. ఆమె చేత్తో తోలింది. పోలేదు. గోడ మీదికి వెళ్ళాయి, ఎదుటివాళ్ళ మొహాల మీదికి వెళ్ళాయి. కమురు వాసన వచ్చింది. ఎవరో ఏదో మాడ్చుకున్నారనుకుంది.

"నిదానం! ఇస్త్రీ ఎత్తు!"

ఇస్త్రీపెట్టె కింద గలేబు గోధుమరంగుకు తిరిగి, నల్లబడి, పొగలు కక్కుతోంది. వాగుడుకాయ పరిగెత్తుకొచ్చి పెట్టె లాగేసింది. తిట్టడానికి నోరు తెరిచింది. ఆమె మొహం చూసి తిట్టలేదు. కింద కూర్చుని, మొగుడి చెప్పులోంచి ఆమె పాదం బయటికి తీసి, బొటనవేలితో నొక్కింది. గుంట పడింది. వేలు తీసినా గుంట అలాగే ఉండిపోయింది. ఆ గుంట పూడుతుందేమోనని వాగుడుకాయ చాలాసేపు చూస్తూ కూర్చుంది. ఆమె అంతసేపు మాట్లాడకుండా ఉండటం ఆ గదిలో ఎవరూ ఎరగరు. పక్క బల్లల వాళ్ళు కూడా పని ఆపేశారు.

నిదానానికి అప్పుడు వేసింది భయం.

"ఇంటికి పో. నేను చెప్పుకుంటాను ఆయనతో" అంది వాగుడుకాయ, గొంతు తగ్గించి. "ఒక్కదానివే ఉండకు. విన్నావా?"

బస్సు దిగి ఇంటి దాకా గోడ పట్టుకుని నడిచింది. అత్తగారు చొక్కా ఒడిలో పెట్టుకుని, ఖాళీ సూది వెలుతురుకి ఎత్తి పట్టుకుని తంటాలు పడుతోంది.

"అప్పుడే వచ్చావేం? సరే, వచ్చావు కదా, దీనికి ఎక్కించు. పొద్దున నువ్వు గుచ్చిన సూదుల్లో సగానికి దారం లేదమ్మాయ్. బెజ్జంలోకి ఎక్కకుండా పక్కనుంచే పోయింది, నే చూసుకోకుండా ఉత్త సూదితో కుట్టుకుంటూ కూర్చున్నా."

కోడలు సూది అందుకుంది. దారం కొస నాలిక మీద తడిపి, సన్నగా నలిపి, సూది బెజ్జంలోకి తోసింది. పక్కనుంచి పోయింది. మళ్ళీ తోసింది. సూది ఒకటి కాదు, రెండు. ఏది అసలుదో తెలియలేదు. మూడోసారి దారం వేలికి తగిలి వంగిపోయింది.

"నాకంటే ముందే నీ కళ్ళు పోయాయేంటే?" అని అత్తగారు నవ్వింది.

"మిణుగురులు అడ్డొస్తున్నాయత్తయ్యా."

"ఏం?"

"కళ్ళ ముందు. మిణుగురులు ఎగురుతున్నట్టు. నిన్నటి నుంచి."

అత్తగారి నవ్వు మొహం మీదే ఉండిపోయింది, లోపలి మనిషి మాత్రం ఎటో వెళ్ళిపోయింది. ఒడిలో చొక్కా జారింది. గుండీలు గది నిండా దొర్లాయి. వాటి వంక కూడా చూడకుండా లేచి, కోడలి గడ్డం పట్టుకుని మొహాన్ని కిటికీ వైపు తిప్పింది.

"పద" అంది.

"ఎక్కడికి? నిన్నే కదా..."

"పద అన్నానా."

వీధి చివర టాక్సీ కోసం చెయ్యెత్తి నడిరోడ్డు మీదికి వెళ్ళి నిలబడింది. టాక్సీవాడు బ్రేకు తొక్కి తిట్టాడు. ఆవిడకి వినబడలేదు. టాక్సీ ఎక్కాక కొడుక్కి ఫోన్ చేసి ఆస్పత్రి పేరు చెప్పి పెట్టేసింది. దారంతా కోడలి మణికట్టు వదలలేదు. "నిద్ర వస్తోందా?" అని అడిగింది. "కొంచెం" అంటే, "పోకు. కళ్ళు తెరిచే ఉంచు, మసకైనా సరే. నాతో మాట్లాడు" అంది.

అదే వరండా. అవే బెంచీలు. అదే నర్సు, గొంతు ఇంకొంచెం బొంగురుగా.

"నొప్పులా."

కోడలు లేవని చెప్పబోయింది.

"రక్తం పోతోంది" అంది అత్తగారు. కూరగాయల బేరంలో మాట్లాడినంత మామూలుగా అంది. "పొద్దుటి నుంచి. ఆగడం లేదు."

కోడలు గిరుక్కున తిరిగి చూసింది. మణికట్టు మీద ఆ వేళ్ళు బిగుసుకున్నాయి. నర్సు మొదటిసారి తలెత్తింది. తలుపు తెరుచుకుంది.

లోపల కుర్రడాక్టరమ్మ ఆమెని మంచం మీద పడుకోబెట్టి, చేతికి బీపీ పట్టా చుట్టి గాలిబుడ్డి నొక్కింది. గాలి వదిలింది. మీటరు ముల్లు చూసింది. పట్టా విప్పి రెండో చేతికి చుట్టి మళ్ళీ నొక్కింది. ఈసారి గాలి పూర్తిగా వదలకుండానే తలుపు వైపు తిరిగి, "మేడమ్‌ని పిలవండి. వెంటనే" అంది. తర్వాత గుడ్డ పక్కకి జరిపి చూసి, అయోమయంగా అత్తగారి వంక తిరిగింది.

"రక్తం పోతోందన్నారు?"

"పోవట్లేదు."

"మరి అలా ఎందుకు చెప్పారు?"

"అబద్ధం చెప్పాను. నిన్న ఈ పిల్ల నిజమే చెప్పింది, ఇంటికి పంపేశారు."

పెద్ద డాక్టరమ్మ వచ్చేసింది. ముల్లు చూసింది, పాదం నొక్కి చూసింది, పక్కటెముకల కింద చెయ్యి పెడితే కోడలు మూలిగింది. "చూపు ఎలా ఉందమ్మా?" అని అడిగింది. మొత్తానికి ఒకరు అడిగారు. కోడలికి ఏడుపొచ్చింది. చెప్పింది.

"బీపీ బాగా పెరిగిపోయింది. ఏ క్షణాన్నైనా ఫిట్స్ వస్తాయి" అంది పెద్ద డాక్టరమ్మ, అత్తగారితో. "ముందు దాన్ని దించి, బిడ్డని తీసేయాలి. నెలలు నిండలేదు, చిన్నగా ఉంటుంది. ఇంకా ఆగితే ఇద్దరికీ ప్రమాదం."

"మా చెల్లెలూ కడుపుతో ఉన్నప్పుడు ఇలాగే అంది. మిణుగురులని" అంది అత్తగారు. ఎవరూ అడగలేదు ఆవిడని. "కాసేపు పడుకుంటే తగ్గుతుందే అన్నాను నేను. పడుకుంది."

సూది సిద్ధం చేస్తున్న చెయ్యి ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కదిలింది. "ఈ మందుకి ఒళ్ళంతా మంట పుడుతుంది, బెదరకు" అని చెప్పారు. నిజంగానే నరాల్లో నిప్పు పోసినట్టైంది. మంచం కదిలింది. పైన దీపాలు ఒకదాని వెనక ఒకటి పరిగెత్తాయి. అత్తగారి వేళ్ళు ఎక్కడో ఒక తలుపు దగ్గర విడిపోయాయి.

నడుములో సూది గుచ్చాక కింది సగం తనది కాకుండా పోయింది. ఆకుపచ్చ గుడ్డకి అవతల ఎవరో తనలో ఏదో సర్దుతున్నట్టు, లాగుతున్నట్టు తెలుస్తోంది, అంతే. తర్వాత ఒక్కసారిగా కడుపు తేలికైంది. ఆమె చెవులు రిక్కించింది. కత్తెరలు పళ్ళెంలో పడ్డ చప్పుడు. చెప్పుల చప్పుడు. ఎవరో, "ఇటు ఇవ్వండి, ఇటు" అన్నారు. ఇంకేమీ లేదు.

"ఏడవలేదేం?" అని అడిగింది.

"చూస్తున్నారమ్మా."

"ఏడవలేదేం?"

ఎవరో నుదుటి మీద చెయ్యి వేశారు. ఆ చెయ్యి కిందే ఆమెకి మగత కమ్మింది.

తెలివొచ్చేసరికి కిటికీలో ఎండ ఉంది. మరునాడన్నమాట. చేతికి గొట్టం, పక్కన ఎత్తు స్టూలు మీద అత్తగారు, కూర్చునే నిద్రపోతున్నట్టు. కాదు, కళ్ళు తెరిచే ఉన్నాయి.

"బిడ్డ?"

"ఆడపిల్ల. బాగుంది."

కూరగాయల బేరంలో మాట్లాడినంత మామూలుగా అంది.

ఆ గొంతు కోడలు నిన్న విన్నదే. ఇన్నేళ్ళుగా ఈవిడ బాగుందంటే బాగున్నట్టే, బాగాలేదంటే బాగాలేనట్టే. నిన్న నర్సు బల్ల ముందు మాత్రం, కనురెప్ప కూడా కదలకుండా, లేని రక్తాన్ని ఉందని చెప్పింది.

"నిజం చెప్పండత్తయ్యా."

"చెప్పాగా. అద్దాల గదిలో పెట్టారు. నువ్వు కదలకు."

మొగుడు మందుల సంచితో వచ్చాడు. రాత్రంతా బెంచీ మీద ఉన్నట్టు బట్టలు నలిగిపోయాయి. పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వు చూశావా పాపని?"

"ఆ గదిలోకి మగాళ్ళని పంపరట. అమ్మ వెళ్ళొచ్చింది." తల్లి వంక చూశాడు. తల్లి కిటికీలోంచి బయటికి చూస్తోంది. "బాగుందట" అన్నాడు.

అట. ఆమె కళ్ళు మూసుకుంది. మిణుగురులు లేవు. తలనొప్పి దాదాపు పోయింది. ఒళ్ళు తన ఒళ్ళులా తిరిగొస్తోంది. అది ఇంకా భయంగా ఉంది, తనొక్కతే తిరిగొచ్చిందేమోనని.

మధ్యాహ్నం బీపీ చూడటానికి నర్సు వచ్చింది. బల్ల దగ్గరి నర్సే. ఆ వేళ వార్డులో వేశారేమో. పట్టా చుట్టబోతూ మంచం మీది మనిషిని గుర్తుపట్టి తడబడింది.

"సోమవారమే ఆ కళ్ళ సంగతి చెప్పాల్సిందమ్మా నాకు."

"మీరు అడిగినవాటికి లేదని చెప్పాను" అంది నిదానం. ఎత్తిపొడుపు కాదు, జరిగింది అంతే కాబట్టి. తర్వాత చెయ్యి వెనక్కి తీసుకుని దుప్పటి కింద పెట్టేసుకుంది.

"చెయ్యి ఇవ్వమ్మా."

"నా బిడ్డని చూపించండి. అప్పుడిస్తాను."

"రేపు చూద్దువు గానీ. ఆపరేషనై ఒక్క రోజు కూడా..."

"ఇవాళ."

గొంతు పెంచలేదు. పక్క మంచాల వాళ్ళకి కూడా వినబడి ఉండదు. మొగుడు నోరు తెరుచుకుని చూశాడు. పెళ్ళయ్యాక ఆమె ఒక మనిషికి ఎదురు చెప్పడం అతను చూడటం ఇదే. నర్సు కాసేపు నిలబడి, పట్టా మెడలో వేసుకుని బయటికి వెళ్ళింది. డాక్టరమ్మని అడిగి, చక్రాల కుర్చీ తనే తోసుకుంటూ తిరిగొచ్చింది. చూపులు కలపలేదు. ఆమెను కుర్చీలోకి దించేటప్పుడు మాత్రం, కుట్లు లాగకుండా రెండు చేతులూ వీపు కింద వేసి, ఎంతో పదిలంగా దించింది. కూర్చున్నాక చెయ్యి అడిగితే ఆమె ఇచ్చింది.

అత్తగారు కూడా లేచి వెనకే వచ్చింది. అద్దాల గది ముందు నడవలో అడుగులు నెమ్మదించాయి, మలుపు దగ్గర ఆగిపోయాయి.

ముఖానికి గుడ్డ కట్టుకున్న ఆయా తలుపు తీసి, కోడలి మణికట్టుకి కట్టిన పట్టీ చూసింది. "ఈ పాప తల్లివా? హమ్మయ్య. నిన్నటి నుంచి ఈ పిల్లకోసం ఒక్కరూ రాలేదేంటా అనుకుంటున్నాను. అందరి నాయనమ్మలూ వచ్చి అద్దానికి మొహాలు ఆనించి పోతున్నారు."

కోడలు తల తిప్పి చూసింది. నడవ మలుపులో అత్తగారు గోడ వైపు తిరిగి నిలబడి ఉంది. అక్కడ గోడ మీద చూడటానికి ఏమీ లేదు.

వెళ్ళలేదు. చూడలేదు. ఈ గుమ్మం దాకా వచ్చి, అడుగు పడక, వెనక్కొచ్చి బాగుంది అని చెప్పింది.

కోడలికి కోపం రావాల్సిన చోట ఏదీ రాలేదు. కుర్చీ చక్రాల్ని తనే తోసుకుని లోపలికి వెళ్ళింది. గాజుపెట్టెలో అరచేయంత మనిషి. ముక్కులో సన్నటి గొట్టం, అతికించిన ప్లాస్టర్ల మధ్య మొహం సగమే కనబడుతోంది. చర్మం నీళ్ళలో నానిన వేలికొసలా ముడతలు పడి ఉంది. ఆమె చూపంతా ఛాతీ మీదికి పోయింది. అది లేచింది. పడింది. చాలాసేపు అలాగే ఉండిపోయింది. ఇక లేవదేమో అనుకునేసరికి మళ్ళీ లేచింది.

"మొదట్లో మొరాయించింది. ఇప్పుడు ఊపిరి తనే తీసుకుంటోంది" అంది ఆయా. "ఇంకా చాలా రోజులు ఇక్కడే ఉండాలి. గండం గడిచిపోయిందని నేను చెప్పను. కానీ గట్టిపిల్లే."

కోడలు తల ఊపింది. చాలాసేపు ఊపుతూనే ఉంది. తర్వాత గుమ్మం వైపు తిరిగింది.

"అత్తయ్యా."

గోడ దగ్గరి మనిషి కదలలేదు. "బాగుందా?" అని అక్కడి నుంచే అడిగింది. నిన్నటి గొంతు కాదు. ఏ బేరానికీ పనికిరాని గొంతు.

బాగుందని చెబితే సరిపోయేది. ఆమె చెప్పలేదు. "నా మాట వద్దు. మీరే వచ్చి చూడండి" అంది.

అత్తగారు ఒక అడుగు వేసింది. చెయ్యి గోడని వదల్లేదు. ఇంకో అడుగు. గుమ్మంలో ఆగితే కోడలు చెయ్యి చాపింది. ఆ వేళ్ళు వచ్చి ఈ వేళ్ళని పట్టుకున్నాయి. ఆవిడ కళ్ళు మూసుకునే గాజుపెట్టె దాకా వచ్చి, వంగి, అప్పుడు తెరిచింది. గాజు మీద ఆవిడ ఊపిరి మసక పట్టింది. ఆవిడ దాన్ని గబగబా అరచేత్తో తుడిచేసి, ఊపిరి బిగబట్టి, మళ్ళీ చూసింది.